మొదటి అంతస్తు వెనకగది

ఆ బిల్డింగ్ చరిత్ర రాసిపెట్టమని మా ఇంటికొచ్చి అడిగిన మనిషి, అందులో తన గురించి ఏం రాస్తానో మాత్రం అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాణ్ణి. ఉద్యోగం చేసినన్నాళ్లూ అడిగినదానికి జవాబు చెప్పాను, అడగనిదాని జోలికి పోలేదు. నాలో అతనికి నచ్చిన గుణం అదే. దాన్ని మంచితనమనుకున్నాడు.

నేను ముప్పై ఏళ్లు సర్వే శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేశాను. ఒంగోలు చుట్టుపక్కల ఊళ్ల పటాలు చాలా నా చేత్తో గీసినవే. స్కూలు చదువు ముగిసిన ఏడాది మొదలుపెట్టిన డైరీ ఒక్కరోజు కూడా మానలేదు. యాభై రెండేళ్ల వయసులో ముందుగానే రిటైరై, కంప్యూటర్ ఉద్యోగం చేస్తున్న కూతురి దగ్గరికి నేనూ నా భార్యా ఆక్లాండ్ వచ్చేశాం. వచ్చిన మూడో నెలలోనే ఇంట్లో ఖాళీగా కూర్చోవడం నావల్ల కాదని తేలిపోయింది. సిటీలో ఒక బిల్డింగ్‌కి పగటి కేర్‌టేకర్ కావాలని తెలిసి చేరాను. ఆ ఉద్యోగం ఇప్పించింది అతనే. ఆ మాట దాచడం న్యాయం కాదు కనుక ముందే రాస్తున్నాను.

అతను ఆ బిల్డింగ్‌కి మేనేజరు. గుంటూరు వైపు మనిషి, నాకంటే పదిహేనేళ్లు చిన్న. ఓనరు ఒక పెద్ద వయసు కివీ ఆవిడ, ఈ దేశం మనిషి. హార్బర్ అవతల ఉండేది. మోకాళ్ల నొప్పులతో ఎక్కువ తిరగలేక ఏడాదికోసారి, క్రిస్మస్ ముందు వచ్చి, కిందనే కూర్చుని అందరినీ పలకరించి వెళ్లేది. పై అంతస్తుల్లో ఏం జరుగుతోందో అతను చెప్పినదే ఆవిడకి తెలిసేది.

బిల్డింగ్ క్వీన్ స్ట్రీట్ నుంచి కొండవైపు ఎక్కే ఒక పక్కసందులో ఉంది. కింది అంతస్తు కాక పైన మూడు. ఎర్ర ఇటుక గోడలు, ముందువైపు మాత్రం గిలాబా. పక్కగోడ మీద వెలిసిపోయిన తెల్ల అక్షరాలు వాన పడినప్పుడు కాస్త స్పష్టంగా కనబడేవి. ఓనరమ్మ తాతగారు ఇంగ్లాండు నుంచి టోపీలు తెప్పించి అమ్మడానికి కట్టించిన గోదాము అది. టోపీలు పోయాక టైపు మిషన్లు బాగుచేసేవాళ్లు వచ్చారు, తర్వాత అకౌంటెంట్లు, తర్వాత పాత నాణేలు అమ్మేవాళ్లు. ఇవన్నీ నాకు చెప్పింది కింద ఎడమవైపు దుకాణంలో తాళాలు చేసే ముసలాయన. ఆయన తండ్రి కూడా అక్కడే తాళాలు చేశాడు. నా కాలంలో మారని దుకాణం అదొక్కటే.

మిగతావన్నీ మారాయి. కుడివైపు గంటలో ఫోటోలు కడిగిచ్చే దుకాణం ఉండేది. ఫిల్ము కెమేరాలు పోవడంతో అదీ పోయింది. దాని స్థానంలో ఫోన్ కార్డులు, ఇంటర్నెట్ బల్లలు వచ్చాయి. మన పిల్లలు అక్కడి చెక్క అరల్లో నిలబడి ఇళ్లకి ఫోన్ చేసుకునేవాళ్లు. అందరికీ సెల్‌ఫోన్లు వచ్చాక అదీ మూతపడి, గ్లాసుల్లో తీపి టీ అమ్మే దుకాణం అయింది. రెండో అంతస్తంతా ఇంగ్లీషు నేర్పే బడి. ఒక సోమవారం ఉదయం నేను తలుపు తీసేసరికి మెట్ల మీద నలభై మంది విద్యార్థులు నిలబడి ఉన్నారు, పాఠం చెప్పేవాళ్లు మాత్రం రాలేదు. మర్నాడూ రాలేదు. బోర్డు మీద శుక్రవారం రాసిన పాఠం నేను తుడిచేదాకా అలాగే ఉంది. పై అంతస్తులో లాయర్ల ఆఫీసు, చెవుడు మిషన్లు అమ్మే ఆయనా ఉండేవాళ్లు.

నేను రెండు డైరీలు రాసేవాణ్ణి. ఒకటి ఇంటిది. రెండోది బిల్డింగ్‌ది. అది ఎవరూ రాయమనలేదు, నోటుబుక్కులు కూడా నేనే కొనుక్కున్నాను. రోజుకో పేజీ. ఎవరొచ్చారు, ఏ తాళం తీసుకున్నారు, ఎన్నింటికి ఇచ్చారు. తాళం తీసుకున్నవాళ్లు ఆ రోజు పేజీలో సంతకం చెయ్యాలి. లాయర్లు నవ్వేవాళ్లు, అయినా చేసేవాళ్లు.

మొదటి అంతస్తులో వెనకవైపు ఒక గది ఖాళీగా ఉండేది. పెద్దదేం కాదు, కానీ కిటికీ లోంచి ఉదయం పదకొండు దాకా మంచి వెలుతురు వచ్చేది. నా భార్య ఒంగోల్లో ఇరుగుపొరుగు ఆడవాళ్లకి జాకెట్లు కుట్టేది. ఎప్పుడూ ఇంట్లోనే, ఎప్పుడూ వంట పూర్తయ్యాకే. ఒకరోజు నాకు టిఫిన్ డబ్బా తెచ్చిచ్చి, ఆ గదిలోకి తొంగిచూసి, కిటికీ దగ్గర చెయ్యి పెట్టి వెలుతురు చూసుకుంది. ఆ సంగతి నేను మేనేజరుతో అన్నాను. అతను వెంటనే, అక్కయ్య కుట్టుకుంటానంటే గది ఆమెదే అన్నాడు. అప్పటికే ఆమెని అక్కా అని పిలిచేవాడు. నేను బావగార్ని.

గది తెరిచిన రోజు దిష్టి తీసి గుమ్మడికాయ కొట్టాలంది నా భార్య. బూడిద గుమ్మడికాయ ఇక్కడ ఎక్కడా దొరకలేదు. కూరగాయల మార్కెట్లో అచ్చం బూడిద రంగు తొక్కతో ఒక కాయ కనబడితే సంబరంగా కొనుక్కొచ్చాను. అది ఇక్కడివాళ్లు ఓవెన్లో కాల్చుకు తినే రకమని, తొక్క రాయిలా ఉంటుందని నాకు తెలియదు. మూడుసార్లు తిప్పి సందులో నేలకేసి కొట్టాను. పగల్లేదు. ఎగిరి, ఏటవాలు రోడ్డు మీద దొర్లుకుంటూ ఫోటోల దుకాణం దాటి పోయింది. అతనే పరుగెత్తి పట్టుకొచ్చాడు.

“ఇది కివీ కాయ బావగారూ, మన మాట వినదు” అన్నాడు. తాళాల ముసలాయన దగ్గర సుత్తి తీసుకుని తనే పగలగొట్టాడు. లోపల పసుపు ఎరుపు కలిసిన రంగు. దాని మీద కుంకుమ చల్లేసరికి పైనించి లాయర్ల ఆఫీసు అమ్మాయి ఎవరికైనా దెబ్బ తగిలిందా అని అడిగింది. అందరం నవ్వాం. అతను కొబ్బరి ముక్క కళ్లకద్దుకుని తిన్నాడు.

మర్నాడు గదికి కాగితం రాయించుకుందామా అని నా భార్యని అడిగాను.

“చేత్తో ప్రసాదం పెట్టి, తమ్ముడని పిలిచి, తెల్లారేసరికి కాగితం అడుగుతారా? ఏమనుకుంటాడు?” అంది.

నిజమే అనుకున్నాను. నోటి మాట మీద భూములిచ్చి కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లని ముప్పై ఏళ్లు చూసిన మనిషిని. వాళ్ల గట్ల మీద గొలుసు పట్టుకుని నిలబడి కొలిచినవాణ్ణి. అలాంటి నేను కాగితం అడగలేదు. కింద తాళాల ముసలాయన అడుగుతాడు. టీ దుకాణం వాళ్లు అడుగుతారు. మన మనిషి కనుక, అడిగితే చిన్నబుచ్చుకుంటాడు కనుక మేం అడగలేదు. ఇది మనవాళ్లు మనవాళ్లతో మాత్రమే చేసే తప్పు.

నాలుగేళ్లు ఆ గదిలో ఆమె పనిచేసింది. బోర్డు నేనే రాశాను, పటాల మీద ఊళ్ల పేర్లు రాసే అక్షరాలతో. పాత వెంకటగిరి చీర ఒకటి అడ్డంగా కట్టి బట్టలు వేసి చూసుకునే చోటు చేసింది. ఆఫీసులవాళ్లు ప్యాంట్ల పొడవు తగ్గించుకునేవాళ్లు. లాయర్లు నల్లకోట్లు తెచ్చేవాళ్లు. మౌంట్ రాస్కిల్ నుంచి మన ఆడవాళ్లు బస్సెక్కి వచ్చి జాకెట్లు ఇచ్చి, ఒక గంట కూర్చుని వెళ్లేవాళ్లు. ఆమె ఇంగ్లీషు ఆ గదిలోనే నేర్చుకుంది: పొడవు, వదులు, గురువారం, తప్పకుండా. భోజనం వేళ నేను పైకెళ్తే, ముందు చేతిలో పని ముగించి, అప్పుడు డబ్బా విప్పేది. ఒంగోల్లో అన్నేళ్లూ పని మధ్యలో ఆపి నాకు వడ్డించిన మనిషి. ఆ తేడా నాకు నచ్చింది.

నాలుగో ఏడు చలికాలంలో ఒక ఉదయం అతను పైకి వచ్చి, స్టూలు మీద కూర్చుని తల పట్టుకున్నాడు. నేనూ అక్కడే ఉన్నాను, కిటికీ గొళ్లెం బిగిస్తూ.

“అక్కా, నిన్న ఫైర్ ఇన్‌స్పెక్షన్‌కి వచ్చారు. ఈ గదిలోంచి వెనక మెట్లకి దారి తియ్యాలంట. పది రోజుల్లో ఖాళీ చెయ్యకపోతే బిల్డింగ్ మొత్తం క్లోజ్ చేస్తామన్నారు. చాలా ఫైట్ చేశాను. నా వల్ల కాలేదు.”

నా భార్య అతని ముఖం చూసి జాలిపడింది. నీదేం తప్పు తమ్ముడూ అని, ఫ్లాస్కులోంచి కాఫీ పోసి ఇచ్చింది. తాగి వెళ్లాడు.

ఆ పది రోజుల్లో ఒప్పుకున్న బట్టలన్నీ కుట్టేసింది. కత్తెర పెట్టని జాకెట్ ముక్కలు ఎవరివి వాళ్లకి బస్సులో తీసుకెళ్లి ఇచ్చింది. ఆఖరి రోజు లిఫ్టు పాడైంది. మిషను నేనూ తాళాల ముసలాయనా మెట్ల మీదుగా దింపాం. అది మా గరాజులో దుప్పటి కప్పుకుని కూర్చుంది. నా భార్య ముసలివాళ్లని చూసుకునే ఒక హోమ్‌లో లాండ్రీ పనికి చేరింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా దుప్పట్లు మడవడం. అక్కడ ఎవరి కొలతలూ తియ్యక్కర్లేదు.

వెనక మెట్లకి దారి ఎవరూ తియ్యలేదు. గది తాళం అతను తన దగ్గరే పెట్టుకున్నాడు. రెండు నెలలయ్యాక ఒక ఉదయం పెయింటర్లు వచ్చారు, తర్వాత నిలువుటద్దాలు, తర్వాత తల వెనక్కి వాల్చి కడిగే కుర్చీలు. అతని భార్య బ్యూటీ పార్లర్. మెట్ల దగ్గర నన్ను చూసి అతను ఆగాడు. ఫైర్ వాళ్లు మళ్లీ రూల్ మార్చారని, అక్కకి చెబుదామనుకున్నానని, కానీ ఆమె అప్పటికే జాబ్‌లో సెటిల్ అయిపోయింది కదా, డిస్టర్బ్ చెయ్యడం ఎందుకని ఊరుకున్నానని చెప్పాడు. అలాగా అన్నాను.

ఆ మధ్యాహ్నం బిల్డింగ్ డైరీ తీసి, ఫైర్ ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు పేజీ చూశాను. వచ్చింది పదీ పదికి. వెళ్లింది పదీ యాభైకి. తీసుకున్న తాళాలు మూడు: కరెంటు బోర్డు గది, నేలమాళిగ, డాబా. కింద ఆయన సంతకం. మొదటి అంతస్తు తాళాలు తీసుకోలేదు. నేలమాళిగ చూపించి, లిఫ్టులో నేరుగా డాబా మీదికి తీసుకెళ్లింది నేనే. మేనేజరు ఆ రోజు బిల్డింగ్‌కే రాలేదు, అది కూడా అదే పేజీలో ఉంది.

అంటే, అతను స్టూలు మీద తల పట్టుకుని ఆ మాట చెబుతున్నప్పుడు, అబద్ధమని తెలియడానికి కావలసిందంతా నా దగ్గర ఉంది. తర్వాత ఉత్తరం ఏదైనా వచ్చిందేమో అనుకున్నాను. మన మనిషి కనుక అనుకున్నాను. ఆ రోజు కిందికెళ్లి ఒక్క పేజీ తిప్పి ఉంటే సరిపోయేది. అతని మీద నాకున్న కోపంలో సగం నా మీదే ఉండాలి. కానీ అలా పంచుకోవడం నాకు చేతకాలేదు. మొత్తం అతనికే ఉంచాను.

ఇంటికెళ్లి నా భార్యకి చెప్పాను. బీన్సు నారతీస్తోంది. మొత్తం విని, ఒకటే అడిగింది.

“ఎప్పుడు?”

“ఏది?”

“వాడికి బుద్ధి చెప్పేది.”

కూతురూ అల్లుడూ అప్పుడే ఇల్లు కొనుక్కున్నారు, నా ఉద్యోగం ఇంకొంతకాలం ఉండాలి. రిటైరయ్యాక, అన్నాను.

“మర్చిపోరు కదా?”

“రాసిపెట్టాను.”

ఆ తర్వాత మూడేళ్లు అతనికి రోజూ గుడ్‌మార్నింగ్ చెప్పాను. పార్లర్‌కి వచ్చే అతని భార్యకి లిఫ్టు గేటు తీసి పట్టుకున్నాను. పండగలకి అతను ఇచ్చిన స్వీట్లు తీసుకుని, దారిలో బస్‌స్టాపు దగ్గరున్న చెత్తడబ్బాలో వేసేవాణ్ణి. ఏ స్వీటు, ఏ డబ్బా అన్నది కూడా రాసుకున్నాను. అక్కయ్య కేసు వేస్తుందేమో అనుకున్నా, ఎంత మంచివాళ్లు బావగారూ అని ఒకసారి నవ్వుతూ నాతోనే అన్నాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఎంతసేపు నవ్వానో రాసుకోలేదు గానీ, ఇప్పటికీ గుర్తుంది.

రిటైరైన మరుసటి ఏడు అతను మా ఇంటికి వచ్చాడు, చేతిలో స్వీట్ల పెట్టెతో. నా భార్య వంటింట్లో పిండి రుబ్బుతోంది. ఓనరమ్మకి తాతగారి బిల్డింగ్ గురించి ఒక చిన్న పుస్తకం వేయించాలని ఉందట. కట్టినప్పట్నుంచీ ఏ గదిలో ఎవరు వ్యాపారం చేశారో, ఎప్పుడొచ్చారో, ఎందుకు వెళ్లారో కావాలట. డైరీలు ఉన్నది నా దగ్గరే కనుక నేనే రాయాలి.

“మీ పేరు కూడా వేయిస్తాను బావగారూ. ఒక్క విషయం. అక్క గది దగ్గర మటుకు, టైలరింగ్, ఓన్‌గా మానేశారు, తర్వాత స్టోర్స్ అని రాయండి.”

“స్టోర్సా?”

“పేపర్ మీద అట్లానే ఉంది, సామాన్ల గది అని. ఓనరమ్మకి పార్లర్ సంగతి చెప్పలేదు. చిన్న విషయం, ఈ వయసులో ఆవిడని కన్‌ఫ్యూజ్ చెయ్యడం ఎందుకు?”

వంటింట్లో గ్రైండర్ ఆగింది. అక్క లేదా అని అడిగాడు. పనిలో ఉంది, అన్నాను.

అతను అది చెప్పకపోతే, గది స్టోర్స్ పేరు మీద ఉందని నాకు తెలిసేది కాదు. తనే చెప్పాడు. అతను వెళ్లాక నా భార్య చేతులకి పిండితోనే బయటికి వచ్చింది.

“ఓన్‌గా మానేశానా నేను?” అంది. చేతులు కొంగుకి తుడుచుకుని, “పుస్తకంలో అట్లా వేస్తారా?” అని అడిగింది.

ఆమెకి కావలసింది అదొక్కటే. గది పోయింది, నాలుగేళ్ల గిరాకీ పోయింది, వాటిని ఎవరూ తిరిగివ్వలేరు. కానీ ఆ గదిని ఆమె విసుగెత్తి వదిలేసిందని అచ్చులో పడితే, ఆమె అక్కడ కూర్చున్న ప్రతి ఉదయమూ అబద్ధమైపోతుంది. వెయ్యనివ్వనని చెప్పాను.

ఆరు వారాలు రాశాను. తాళాల ముసలాయన దగ్గర కూర్చుని పాత సంగతులన్నీ మళ్లీ అడిగాను. ఇంగ్లీషులో తొమ్మిది పేజీలు వచ్చాయి. దానితో పాటు అంతస్తుకొకటి చొప్పున నాలుగు ప్లాన్లు, ఇండియన్ ఇంకుతో, స్కేలు ప్రకారం గీశాను. ప్రతి ప్లాను కిందా ఒక పట్టిక వేశాను. మన ఊళ్లలో భూమికి అడంగల్ అని ఒక రికార్డు ఉంటుంది. ఒక గడిలో పట్టా ఎవరి పేరున ఉందో రాస్తారు. పక్క గడిలో, నిజంగా ఆ నేల ఎవరి అనుభవంలో ఉందో రాస్తారు. ఆ రెండు పేర్లూ ఒకటి కాకపోతే తగాదా అక్కడే ఉందని సర్వేవాడికి తెలిసిపోతుంది. చివర రిమార్కుల గడి. టోపీల గోదాము కాలం నుంచి ప్రతి గదికీ ఆ గడులన్నీ నింపాను. చాలా గదులకి రెండు పేర్లూ ఒకటే.

నేను అబద్ధం రాయలేదు. తొమ్మిది పేజీల్లో ఆ గది వచ్చినచోట, రెండో షీటు చూడగలరు అని మాత్రం రాశాను. రెండో షీటులో ఇలా ఉంది. కాగితం మీద: స్టోర్స్. అనుభవంలో: బ్యూటీ పార్లర్, మేనేజరు గారి భార్య. అంతకుముందు: నా భార్య, టైలరింగ్, నాలుగేళ్లు. రిమార్కులు: ఫైర్ ఇన్‌స్పెక్టరు ఆదేశమని మేనేజరు చెప్పగా పది రోజుల్లో ఖాళీ చేసినది. ఇన్‌స్పెక్టరు ఆ రోజు మొదటి అంతస్తు తాళాలు తీసుకోలేదు. ఆయన సంతకం నా వద్ద కలదు.

అతను వచ్చి సోఫాలో కూర్చుని తొమ్మిది పేజీలూ తిప్పాడు. తర్వాత ప్లాన్లు విప్పాడు, ఒక్కోటీ దూరంగా పట్టుకుని, బొమ్మలు చూసినట్టు.

“అబ్బ, ప్రింట్ వేసినట్టు గీశారు బావగారూ” అన్నాడు. చుట్టి, రబ్బరు బ్యాండు వేశాడు. ఆ అంతస్తుల మీద అన్నేళ్లు పెత్తనం చేసిన మనిషికి ప్లాను చదవడం రాదు. పట్టిక కూడా బొమ్మలో భాగమే అనుకున్నాడు. ఆ చుట్ట తనే చంకలో పెట్టుకుని, తనే ఫెర్రీ ఎక్కి, తన చేతులతో ఓనరమ్మకి ఇచ్చొచ్చాడు. పోస్టులో పంపే పని కూడా నాకు మిగల్చలేదు.

తొమ్మిదో రోజు ఆవిడ నాకు ఫోన్ చేసింది. ముందు టోపీల గురించి చాలాసేపు మాట్లాడి, రెండో షీటు గురించి అడగాలి, ఆ డైరీ తీసుకుని రాగలవా అంది. నా భార్యని కూడా తీసుకెళ్లాను. ఆవిడ భూతద్దం పెట్టి సంతకం చూసింది. ఫైర్ వాళ్లు తనకి పంపిన రిపోర్టు తన దగ్గర ఉందని, అందులో ఆ గది మాటే లేదని చెప్పింది. టైలరు తనంతట తనే మానేసిందని అప్పట్లో తనకి చెప్పారంది. తర్వాత నా భార్య వైపు తిరిగి, నీ ఇష్టంతోనే వదిలేశావా అని నెమ్మదిగా అడిగింది.

“నో. హి సెడ్ ఫైర్” అంది నా భార్య.

ఆవిడ గది మళ్లీ తీసుకోమంది. నా భార్య కళ్లు చూపించి, ఇప్పుడు సూదిలో దారం ఎక్కడం లేదని చేత్తో చెప్పింది. రెండో షీటు మాత్రం పుస్తకంలో ఉన్నదున్నట్టు వెయ్యమని నాచేత అడిగించింది. వేస్తానంది ఆవిడ. వేసింది కూడా.

ఆవిడని కలిసొచ్చిన నాలుగు రోజుల తర్వాత, ఆదివారం ఉదయం అతను మా గుమ్మంలో నిలబడ్డాడు. ఈసారి చేతులు ఖాళీ. బిల్డింగ్ తన చేతిలోంచి తీసేశారని, తను చూసే మిగతా బిల్డింగ్‌ల ఓనర్లకి తెలిస్తే వాళ్లూ తీసేస్తారని చెప్పాడు. లోపలికి రమ్మనలేదు నేను.

“ఒక్క ఫోన్ చెయ్యండి బావగారూ. డేట్ పొరబడ్డానని చెప్పండి చాలు.”

“నేను డేట్ పొరబడను.”

“తెలుగువాళ్లం. మనలో మనం కూర్చుని మాట్లాడుకుంటే పోయేది కదా.”

“మనలో మనమనుకునే కాగితం అడగలేదయ్యా” అన్నాను. అతన్ని అయ్యా అనడం అదే మొదటిసారి. ఎనిమిదేళ్లు మీరు అన్నాను.

నా వెనక నా భార్య వచ్చి నిలబడింది.

“తమ్ముడూ, ఆ రోజు ఫైర్ వాళ్లు నా గదికి వచ్చారా?”

అతను నేలకేసి చూశాడు. “రాలేదక్కా.”

“మళ్లీ చెప్పు.”

“రాలేదు.”

“మరి నేనిచ్చిన కాఫీ ఎట్లా తాగావు?”

ఆమె జవాబు కోసం ఆగలేదు, లోపలికి వెళ్లిపోయింది. నేను తలుపు వేశాను. మెల్లగా వేశాను, చప్పుడు కాకుండా. అతని కారు స్టార్టు అయ్యేదాకా తలుపు వెనకే నిలబడి విన్నాను. చాలాసేపు పట్టింది. ప్రతి నిమిషమూ నాకు బాగుంది.

పార్లర్ ఖాళీ చేసే రోజు ఏదో తాళాల ముసలాయన మాటల్లో తెలిసింది. ఆ ఉదయం బస్సెక్కి వెళ్లి, బిల్డింగ్ ఎదుట బెంచీ మీద కూర్చున్నాను. పది నుంచి ఒంటిగంట దాకా. అద్దాలు మూడు, కుర్చీలు రెండు, తల కడిగే తొట్టి, పెట్టెలు పదకొండు. అతని భార్యే దగ్గరుండి దింపించింది. ఒక అద్దం తనే ఒక పక్క పట్టుకుంది. ఆ గది ఎలా వచ్చిందో ఆమెకి ఎంత తెలుసో నాకు తెలియదు. బహుశా ఏమీ తెలియదు. ఆమెకి కూడా మొగుడి మాటే తప్ప కాగితం లేదు. మధ్యలో ఒకసారి ఆమె నన్ను చూసి, అలవాటు కొద్దీ నమస్కారం పెట్టింది. నేనూ పెట్టాను.

ముసలాయన దుకాణంలోంచి బయటికి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఆ అమ్మాయి నిన్నేం చేసింది, ఇంక ఇంటికి పో అన్నాడు. ఆయన మాటకి నేను విలువిస్తాను. అయినా వ్యాను కదిలేదాకా లేవలేదు.

ఇంటికొచ్చి నా భార్యకి వరసగా చెప్పాను, అద్దాలు, కుర్చీలు, పెట్టెలు. నమస్కారం సంగతి కూడా చెప్పాను. ఆమె ఆరిన బట్టలు మడుస్తోంది. పార్లరమ్మాయి పేరెత్తగానే చేతులు ఆగాయి. జాలిపడుతుందేమో అనుకున్నాను. పడితే నేనేం చెయ్యాలో నాకు తెలియదు.

“ఖాళీ చెయ్యడానికి ఎన్నాళ్లు టైమిచ్చింది ఓనరమ్మ?” అని అడిగింది.

“నెల రోజులు.”

“నెలా?”

చేతిలో తువ్వాలు నా ముఖం ముందుకి ఎత్తి పట్టుకుని, “వాడు మనకిచ్చింది పది రోజులేగా” అంది. ఆ సాయంత్రమంతా, ఆవిడ మంచిదే గానీ మరీ మెత్తనిదని అంటూనే ఉంది.